చావుగంటలో మొదటి లైను

అబ్రహాముకు గంట కొట్టడం తప్ప ఇంకే పనీ చేతకాదని ఊళ్లో కొందరు అంటారు. అది ఒట్టి అన్యాయం. ఆయన వయసులో ఉన్నప్పుడు చెరుకు నరికాడు, ఉయ్యూరు ఫ్యాక్టరీకి పోయే బళ్లకు కట్టలు ఎత్తాడు, వరి కోశాడు, మినుము పీకాడు. కానీ ఆ పనులు ఊళ్లో ఇంకొకరు కూడా చేస్తారు. గంట మాత్రం ఆయన కొట్టినట్టు ఎవరూ కొట్టలేరు. అందుకని జనానికి మిగతావేవీ గుర్తు లేవు, అంతే.

ఆ ఊరు ఉయ్యూరుకు కూతవేటు దూరంలో, చుట్టూ చెరుకు తోటలతో ఉంటుంది. చర్చి ముందు గంట గోపురం, అందులో కంచు గంట. పొద్దుటి గంట ఒక తీరు, ఆరాధన గంట ఒక తీరు, పెళ్లి గంట ఒక తీరు. వీటన్నిటిలోకీ కష్టమైనది చావుగంట. ఒక దెబ్బ కొట్టాలి, దాని మోత గాలిలో పూర్తిగా కరిగిపోయేదాకా ఆగాలి, అప్పుడు ఇంకో దెబ్బ. కొట్టడం ఎవరికైనా వస్తుంది. ఆగడమే రాదు. అబ్రహాము ఆగితే పొలాల్లో ఉన్నవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి ఆగేవాళ్లు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని, మళ్లీ దెబ్బ పడ్డాక గానీ కొడవలి ముట్టుకునేవాళ్లు కారు.

గోపురం ఎక్కాడంటే ఆయనకు లోకం పట్టదు. కొట్టవలసింది కొట్టేశాక కూడా తాడు పట్టుకుని ఆ మోత వింటూ నిలబడిపోతాడు. ఆయన్ని కిందికి దింపగలిగింది ఒక్క సంపూర్ణమ్మే. భార్య కదా, ఆవిడకు ఆ హక్కుంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని గోపురం అడుగున నిలబడి, పైకి చూసి కేక వేసేది. ఆ కేక వినబడితే ఊళ్లో వాళ్లకు గంట అయిపోయిందని తెలిసేది. సంపూర్ణమ్మ గొంతు గంటకేం తీసిపోదని పాస్టరు ఇశ్రాయేలు గారే ఒకసారి ఆవిడ ముందే అన్నారు. ఆవిడ నవ్వలేదు. "గంటకి తాడుందయ్యగారూ. నాకు అదీ లేదు," అంది.

ఒక తుఫాను వచ్చి పోయాక గోపురానికి బీట పడింది. ఇక మీదట గంట ఊపితే గోపురమే కిందికొస్తుందని చూసినవాళ్లు తేల్చి చెప్పారు. గంటను దింపేయాలన్నారు. ఆ వార్త విన్న రోజు అబ్రహాము అన్నం తినలేదు. ఆయన కూతురు కృప అప్పటికే విజయవాడలో, పటమటలోని ఒక ల్యాబులో కంప్యూటర్లు చూసే ఉద్యోగంలో ఉంది. ఆ పిల్ల సెలవు పెట్టి వచ్చి, "చివరిసారి అన్నీ కొట్టు నాన్నా. రికార్డు చేస్తాను. గంట కిందికి దిగినా నీ చెయ్యి మోగుతానే ఉంటది," అంది.

పొద్దుటి గంట కొట్టాడు, ఆరాధన గంట కొట్టాడు, పెళ్లి గంట కొట్టాడు. చావుగంట దగ్గర తాడు వదిలేశాడు.

"ఎవరూ పోకుండా చావుగంట కొట్టకూడదమ్మా. అబద్ధం అవుద్ది," అన్నాడు పైనుంచి.

కృప ఎంత చెప్పినా వినలేదు. అప్పుడు సంపూర్ణమ్మ తల పైకెత్తింది. "నాకోసం కొట్టు. ఎప్పటికైనా పోయేదాన్నేగా. కాస్త ముందు కొట్టావనుకో, అబద్ధం ఎట్టా అవుద్ది?"

అబ్రహాము తాడు అందుకున్నాడు. ఆవిడ కింద నిలబడి వింటుండగా, ఆవిడ చావుగంట కొట్టాడు. అంత బాగా ఎన్నడూ కొట్టలేదని ఆయనకే తెలుసు. ఆఖరి దెబ్బ మోత సన్నగిల్లుతుండగా కింది నుంచి ఎప్పటి కేకే వచ్చింది.

"చాల్లే ఇంక, దిగిరా. అన్నం చల్లారిపోతంది."

అదీ రికార్డయిపోయింది. కృప నవ్వుకుని, ఆ గంటను మోగించే ప్రోగ్రాము రాసేటప్పుడు ఆ కేకకు ముందే శబ్దం ఆగిపోయేలా ఒక మాట చేర్చింది. శవాన్ని ముందు పెట్టుకుని ఏడ్చేవాళ్లకు మైకులో అన్నం సంగతి వినిపిస్తే బాగుండదు కదా.

అలా చర్చిలో పాస్టరు గారి గది పక్కన చిన్న గదిలోకి ఒక కంప్యూటరు వచ్చింది. విజయవాడ వన్ టౌన్‌లో కొన్న పాతది. ఆఫీసుల్లో కనిపించే విండోస్ కాకుండా అందులో లినక్స్ ఉంది. కప్పు మీద నాలుగు దిక్కులకూ నాలుగు మైకు హారన్లు కట్టారు. పొద్దుటి గంట, ఆరాధన గంట వేళకు వాటంతటవే మోగుతాయి. పెళ్లికీ చావుకూ మాత్రం మనిషి వెళ్లి, ఫోల్డరు తెరిచి, ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కాలి. ఆ నొక్కే ఉద్యోగం అబ్రహాముదే. భుజం పట్టేసి తాడు లాగలేని మనిషికి అంతకంటే ఏం కావాలి అని అందరూ అన్నారు. ఆయన మాత్రం కొత్త అల్లుణ్ణి చూసినట్టు దాన్ని కొన్నాళ్లు ఎడంగా నిలబడే చూశాడు.

ఆ ఎడం పోయిన రోజు ఒకటుంది. కృప ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లు పెట్టి, పేరు చివర చుక్క పెట్టి, చుక్క తర్వాత ఇంకో రెండు అక్షరాలు తగిలించింది. అబ్రహాముకు అవి నచ్చలేదు. తెలుగు టైపు చేయడం మెల్లగా నేర్చుకుని, ఆ పేర్లన్నీ మార్చేశాడు. పొద్దుటి గంట, ఆరాధన గంట, పెళ్లి గంట, చావుగంట. చివరి చుక్కనూ ఆ అక్షరాలనూ చెత్త ఊడ్చినట్టు ఊడ్చేశాడు. ఆదివారం వచ్చిన కృప ఫోల్డరు తెరిచి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"తోకలన్నీ కోసేశావా నాన్నా? ఏది ఏ రకం ఫైలో చెప్పేది ఆ తోకేగా."

"మరి పెళ్లి గంట నిన్న కూడా మోగిందిగా."

కృప అప్పుడు సరిగ్గా చూసింది. పేర్లు మారినా, తోకలు పోయినా, ప్రతి గంట పక్కనా ప్రోగ్రాము అని చెప్పే పళ్లచక్రం బొమ్మ ఎప్పటిలాగే ఉంది. ఆ పిల్లకు నవ్వొచ్చింది. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఫోల్డరు తెరిచి లోపల ఏమున్నాయో మనకు చూపించేదాన్ని ఫైల్ మేనేజర్ అంటారు నాన్నా. అది ముందు తోక చూస్తది. తోక లేదనుకో, ఫైలు లోపలికి తొంగి చూస్తది. మొదట్లో ఉన్న నాలుగు అక్షరాలు చాలు, అది ఏంటో పోల్చుకుంటది. ఇదిగో చూడు."

సంపూర్ణమ్మ ఫొటో ఒకటి తీసుకుని, పేరు మొత్తం చెరిపేసి, 'క' అని ఒక్క అక్షరం పెట్టింది. పేరు పోయింది. ఫొటో అని చెప్పే తోక పోయింది. అయినా ఆ 'క' మీద చిన్న గడిలో సంపూర్ణమ్మ కళ్లు చిట్లించి చూస్తూనే ఉంది.

అబ్రహాము ముందుకు వంగాడు. "పేరు లేకపోయినా మీ అమ్మని పోల్చిందా?"

"అమ్మని కాదు, ఫొటో అని పోల్చింది. ఫొటోల మొదలు ఒక రకంగా ఉంటది, పాటల మొదలు ఇంకో రకంగా ఉంటది. నీ గంటలున్నాయే, వీటి మొదలు ఇదీ." పొద్దుటి గంట తెరిచి చూపించింది. మొదటి లైనులో ఒక హ్యాష్ గుర్తు, దాన్ని ఆనుకుని ఆశ్చర్యార్థకం, ఆ పక్కన ఏవో ఇంగ్లీషు ముక్కలు. "ఈ రెండు గుర్తులూ కనపడితే ఇది ఉత్తరం కాదు, చెయ్యాల్సిన పని అని దానికి అర్థమవుద్ది. పక్కనున్నది, నన్ను ఫలానా వాడితో చదివించండి అని. అయితే ఇవి మొట్టమొదటే ఉండాలి. వీటికి ముందు ఇంకేదీ ఉండకూడదు."

ఆఖరి మాట అబ్రహాము చెవిన పడనే లేదు. ఆయన అప్పటికే వేరే లోకంలో ఉన్నాడు. గేదె తన దూడను వాసన చూసి పోల్చుకోవడం ఆయన ఎరుగును. దానికి మనం పెట్టిన పేరుతో పని లేదు. కానీ ప్రాణం లేని ఈ రేకు పెట్టె కూడా పేరును నమ్మకుండా, తలుపు తీసి, ముఖం చూసి మరీ మనిషిని పోల్చినట్టు పోల్చుతుందంటే ఆయన ఒళ్లు జలదరించింది. ఇంకొక సంగతి కూడా ఆయన మనసుకు పట్టుకుంది. ఏ కాగితం మీద ఏం రాసినా ఆయన ముందు 'యేసు నామమున' అని రాసి గానీ కింద అక్షరం పెట్టడు. వన్ టౌన్ కొట్లవాళ్లు శ్రీ చుట్టి గానీ మొదలుపెట్టరు. అంటే ఈ ఫైళ్లకు కూడా మొదట తలుచుకునే పేరు ఒకటుందన్నమాట. ఆ రోజు నుంచి ఆయన ఆ గదిలోకి చెప్పులు విడిచి వెళ్లేవాడు. కంప్యూటరుకు చెప్పులు విడిచేదేమిటని సంపూర్ణమ్మ ఆటపట్టించేది. అయినా ఆయన మానలేదు.

ఆవిడకు జబ్బు చేసింది వానాకాలం మధ్యలో. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. విజయవాడ ఆసుపత్రిలో చేర్చారు. కృప డ్యూటీకి వెళుతూ వస్తూ చూసుకుంటుంటే, అబ్రహాము మంచం పక్కనే ఉండిపోయాడు. ఒకనాడు ఆవిడకు ఉతికిన చీరలు తేవడానికి ఊరికి వచ్చి, తాళం తీసి ఇంట్లోకి వెళ్లి, ఆవిడ లేని ఆ ఇంట్లో నిలబడలేక నేరుగా చర్చికి వెళ్లాడు. మోకాళ్ల మీద ప్రార్థన చేశాడు. అయినా గుండె కుదుటపడలేదు. లేచి చిన్న గదిలోకి వెళ్లి ఫోల్డరు తెరిచాడు.

చావుగంట అక్కడే ఉంది, తన పళ్లచక్రం బొమ్మతో. అది ఎవరి గంటో ఆయనకు తెలుసు. రికార్డు చేసిన నాటి నుంచి ఊళ్లో పోయినవాళ్లందరికీ మోగుతున్నా, అది సంపూర్ణమ్మకోసం కొట్టిన గంట. ఆవిడ నిలబడి వినగా కొట్టిన గంట. ఆయనకు భయం వేసింది. కృప ఆనాడు పొద్దుటి గంట తెరిచి చూపించినట్టే దాన్ని మార్చడానికి తెరిచాడు. అన్నిటికంటే పైన, అన్ని అక్షరాలకంటే ముందు, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాడు.

యేసు నామమున. ప్రభువా, ఈ గంట మోగనియ్యకు.

సేవ్ చేసి మూసేశాడు. మూయగానే ఆయన కళ్ల ముందే చావుగంట బొమ్మ మారిపోయింది. పళ్లచక్రం పోయి తెల్లకాగితం వచ్చింది. అబ్రహాము కుర్చీలో అలాగే ఉండిపోయాడు. ప్రార్థన చేరిందనీ, చేరినట్టు గుర్తు కూడా వచ్చిందనీ ఆయన అనుకున్నాడు. ఏళ్ల తరబడి ప్రార్థన చేసిన మనిషికి ఒక్కసారైనా అంత వెంటనే జవాబు రాలేదు. కళ్లు తుడుచుకుని, చీరల సంచి పట్టుకుని బస్సెక్కాడు.

సంపూర్ణమ్మ తేరుకుంది కూడా. రెండు ముద్దలు తింది. ఆసుపత్రి సాంబారును తిట్టిపోసింది. ఆయనకు ఆ తిట్లు కీర్తనల్లా వినబడ్డాయి. కానీ అది నిలవలేదు. ఒక తెల్లవారుజామున, ఆయన చెయ్యి పట్టుకునే, ఆవిడ వెళ్లిపోయింది.

అంబులెన్సు ఊళ్లోకి వచ్చేసరికి పొద్దెక్కింది. సాయంత్రం భూస్థాపన అన్నారు. అబ్రహాము ఏడవలేదు. ఆయనకు ఒకటే ధ్యాస. గంట మోగాలి. ఆవిడ గంట ఆవిడకు మోగాలి. అదొక్కటీ చేసి తర్వాత ఏడవొచ్చనుకున్నాడు. ఇంటి ముందు శవపెట్టె సర్దుతున్నారు, ఇశ్రాయేలు గారు బైబిలు పట్టుకుని నిలబడ్డారు. అబ్రహాము చిన్న గదిలోకి వెళ్లి, చెప్పులు విడిచి, చావుగంట మీద రెండుసార్లు నొక్కాడు.

గంట మోగలేదు. ఉత్తరం విప్పినట్టు ఒక తెల్ల కాగితం తెర మీద పరుచుకుంది. అందులో యేసు నామమున అని మొదలైన మొదటి లైను ఆయన రాసిందే.

ప్రభువా, ఈ గంట మోగనియ్యకు.

మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు దేవుడు. మనిషిని ఉంచమని అడగలేదు తను, గంట మోగనియ్యకు అని అడిగాడు. మనిషిని తీసుకుని గంటను ఆపేశాడు.

ఆలస్యమవుతోందని ఇశ్రాయేలు గారు వచ్చారు. సంగతి పూర్తిగా తెలియకపోయినా, గంట పలకడం లేదని అర్థమైంది. "మూలనున్న పాత గంటని సుత్తితో కొట్టిద్దాం అబ్రహామూ. ఆవిడ ఏమీ అనుకోదులే," అన్నారు మెత్తగా. దింపిన గంట చర్చి వెనక ఇటుకల మీద బోర్లా పడి ఉంది.

"అది చప్పుడండీ, గంట కాదు. అయినా ఆవిడ అనుకుంటది. మీకు తెలీదా అయ్యగారూ, ఆవిడ అన్నీ అనుకుంటది," అన్నాడు అబ్రహాము.

ఇశ్రాయేలు గారు కృపను పంపారు. ఏడ్చి ఏడ్చి వాచిన ముఖంతో ఆ పిల్ల వచ్చి తెర వైపు చూసింది. మొదటి లైను చదివింది. తండ్రి వైపు తిరిగింది.

"ఇది నువ్వు రాశావా నాన్నా?"

ఆయన తలూపాడు. "నా ప్రార్థన దేవుడు ఇట్టా విన్నాడమ్మా."

కృప ఇంకో కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. "దేవుడి సంగతి నాకు తెలీదు. గంట ఎందుకు ఆగిందో మాత్రం చెప్తా. గుర్తుందా, ఆ రెండు గుర్తులూ మొట్టమొదట ఉండాలన్నాను. నువ్వు వాటికి ముందు ఈ మాట రాశావు. ఫైల్ మేనేజర్ లోపలికి తొంగి చూసింది. మొదటే నీ ప్రార్థన కనపడింది. ఇది పని కాదు, ఒక మనిషి రాసుకున్న ఉత్తరం అనుకుంది. ఉత్తరాన్ని మోగించరుగా. తెరిచి చూపిస్తారు."

"ఉత్తరమనుకుందా?"

"ఉత్తరమేగా నాన్నా అది."

అబ్రహాము చాలాసేపు ఆ తెరనే చూశాడు. పేరు చావుగంట అని ఉన్నా నమ్మకుండా, లోపలికి చూసి, ఇది ఒక మొగుడు తన పెళ్లాం గురించి దేవుడికి రాసుకున్న ఉత్తరం అని రేకు పెట్టె పోల్చింది. లోకంలో ఇంకెవరూ ఆ సంగతి పోల్చలేదు. మొదటి నాలుగు అక్షరాలు చూసి ఇంత తెలిసేలా దీన్ని ఎవరు చేశారో గానీ, వాళ్లకు ఆయన లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాడు. ఇంతసేపూ గుండె మీద కూర్చున్న బండ కొంచెం జరిగింది.

"ఆ లైను తీసేస్తే మోగుద్ది," అంది కృప.

ఆయన గబుక్కున ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యొద్దమ్మా. తీస్తే, సరే తీసుకుపో అని నేను ఒప్పుకున్నట్టు అవుద్ది. నేను ఒప్పుకోలేదు."

బయట పాట మొదలైంది. పెట్టె లేవడానికి సిద్ధంగా ఉంది. కృప కళ్లు తుడుచుకుని కీబోర్డు ముందుకు లాక్కుంది. ప్రార్థనను పైనుంచి కత్తిరించి, మొదటి లైనులో ఆ రెండు గుర్తులనూ వాటి చోటికి తెచ్చింది. ప్రార్థనను వాటి కింద, రెండో లైనులో అతికించి, దాని ముందు ఒక్క హ్యాష్ గుర్తు పెట్టింది.

"ఇట్టా హ్యాష్ పెట్టి కింద రాసిన మాటల జోలికి మిషను రాదు నాన్నా. దాటుకుని పోద్ది. అవి మనుషులు చదువుకోడానికి రాసుకునేవి. ఎన్నాళ్లయినా అక్కడే ఉంటది."

"మరి దేవుడు?"

"ఆయన ఏ లైనులో ఉన్నా చదువుకుంటాడులే."

సేవ్ చేసింది. తెల్లకాగితం పోయి పళ్లచక్రం వచ్చింది. దాన్ని చూసి అబ్రహాము, తప్పిపోయిన మనిషి గుమ్మంలో కనబడినట్టు, ఒక్క నిట్టూర్పు విడిచాడు. కృప లేవబోతుంటే ఆపాడు.

"ఇంకొక్కటి చెయ్యి తల్లీ. మీ అమ్మ కేక రాకుండా ఆపే మాట ఏదో రాశావుగా అందులో. అది తీసెయ్యి."

కృప ఆయన ముఖంలోకి చూసింది. ఆ లైను వెతికి తీసేసి, మౌసు ఆయన చేతికిచ్చి, తల్లి పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది.

ఆయన రెండుసార్లు నొక్కాడు. కప్పు మీది హారన్ల నుంచి మొదటి దెబ్బ నాలుగు దిక్కులకూ వెళ్లింది. చెరుకు తోటల్లో వంగి ఉన్నవాళ్లు నిటారుగా నిలబడి తలగుడ్డలు తీశారు. మోత కరిగేదాకా అందరూ ఆగారు. మళ్లీ దెబ్బ. అది తన చెయ్యి, తన భుజం, తను ఆగిన ఆగడం. దాని కింద ఎక్కడో ఆవిడ ప్రాణంతో నిలబడి, తల పైకెత్తి వింటోంది. ఆవిడ గంట ఆవిడకే మోగుతుండగా పెట్టె వీధిలోకి కదిలింది. అబ్రహాము మాత్రం లేవలేదు. గోపురం మీద నిలబడిపోయినట్టే అక్కడ కూర్చుండిపోయాడు.

ఆఖరి దెబ్బ మోత సన్నగిల్లింది. ఇక అయిపోయిందని జనం తలగుడ్డలు చుట్టుకోబోతున్నారు. అప్పుడు ఊరంతటికీ, పొలాలన్నిటికీ వినబడేలా సంపూర్ణమ్మ గొంతు వచ్చింది.

"చాల్లే ఇంక, దిగిరా. అన్నం చల్లారిపోతంది."

పెట్టె మోస్తున్నవాళ్లు వీధి మధ్యలో ఆగిపోయారు. ఇశ్రాయేలు గారి చేతిలో బైబిలు కిందికి వాలింది. కృప రెండు చేతులతో నోరు మూసుకుంది.

చిన్న గదిలో అబ్రహాము, "వస్తన్నా," అని లేచి, చెప్పులు తొడుక్కుని, ఆవిడ వెనక నడవడానికి బయటికి వచ్చాడు.